ఏడవడానికి మంది కావాలి

చాలా నెలలపాటు మా అమ్మ పొద్దున్నే టీ గ్లాసు చేతిలోకి తీసుకుని నన్ను అడిగిన మొదటి మాట ఒకటే. "ఫోన్ల జూడవే, ఎవరన్న పెద్దోళ్ళు పోయిండ్రా?"

వినేవాళ్ళు ఏమనుకుంటారు? ఈ ముసలామెకు ఇదేం బుద్ధి అనుకుంటారు. మా పక్క గదిలో అద్దెకుండే టీచరమ్మ అలాగే అనుకుంది. ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి ఈ మాట విని, నా వైపు చూసి, తల దగ్గర వేలు తిప్పింది. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "మా అమ్మకు మతి బాగానే ఉందమ్మా, మీ బ్లౌజు సాయంత్రానికి ఇస్తాను, వెళ్ళిరండి" అని పంపించేశాను. ఆవిడ వెళ్ళాక మా అమ్మ మీద అరిచాను. "ఎవరూ పోలేదు! అందరూ గుండ్రాయిలా ఉన్నారు! తాగు టీ!"

"అట్లనా" అని నిట్టూర్చి ఆమె టీ తాగేది. నాకు తెలుసు, ఆమె ఎవరి చావూ కోరుకోవడం లేదని. ఆమెకు కావలసింది మంది. ఎందుకు కావాలో చెప్పాలంటే మా అన్న దగ్గర మొదలుపెట్టాలి.

నేను సుక్మా బస్టాండు వెనక సందులో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్నాను. మా పల్లె కిష్టారం దాటాక, తెలంగాణ సరిహద్దుకు దగ్గర. దోర్లా ఆదివాసుల ఇళ్ళ మధ్య మావి కొన్ని తెలుగు ఇళ్ళు. వరి, కొంచెం మొక్కజొన్న, వేసవిలో ఇప్పపూవు, తునికాకు. మా అన్న నాకంటే మూడేళ్ళు పెద్ద. వాడికి కంచం పట్టుకుని ఇంట్లో కూర్చోవడం రాదు. గడప మీదే కూర్చుని తినాలి, దారిన పోయే ప్రతివాణ్ణీ పిలవాలి, "తిన్నవా మామా? రా, చారు పోస్తం" అనాలి. చారు పోయడానికి ఉండేది కాదు, అది వేరే సంగతి. మా అమ్మ లోపల నుంచి తిట్టేది. వాడు ఇంకా గట్టిగా పిలిచేవాడు. ఇప్పుడు నేను అన్నం తినేటప్పుడు ఎవరైనా గుమ్మం దగ్గర నుంచి పలకరిస్తే ముద్ద దిగదు. సంవత్సరాలు గడిచినా అంతే.

మా వైపు మగవాళ్ళు చాలామంది దక్షిణాదికి బోరు లారీల మీద పనికి పోతారు. అన్న కూడా పోయాడు. ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేసేవాడు. ఒకరోజు బోరు వేసేచోట ఇనుప పైపు జారి వాడి మీద పడింది. లారీవాళ్ళు మా పల్లెకు ఫోన్ చేశారట. మా పల్లెలో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి, గుట్ట ఎక్కినా పోలీసు కాంపులోని టవర్ బాగుంటేనే. ఎవరికీ అందలేదు. ఎవరెవరి ద్వారానో తిరిగి నాలుగో రోజుకు నాకు తెలిసింది. అప్పటికే అక్కడే దహనం చేసేశారు. నా ఫోన్‌కు ఒక ఫోటో పంపారు. ఆ ఫోటో మా అమ్మకు ఇప్పటికీ చూపించలేదు, చూపించను.

నేను బస్సులో కొంత, మోటార్‌సైకిల్ మీద కొంత ప్రయాణం చేసి పల్లె చేరేసరికి ఊళ్ళో కుక్కలు తప్ప ఎవరూ లేరు. మిరపకాయలు ఏరే కాలం అది. నడవగలిగిన వాళ్ళందరూ పిల్లాపాపలతో సహా సరిహద్దు దాటి మిరప చేలకు పోయారు. మిగిలింది నడవలేని ముసలివాళ్ళు నలుగురైదుగురు. వాళ్ళే వచ్చి మా వాకిట్లో కూర్చున్నారు.

మా వైపు చావింటికి ఎవరూ ఉత్త చేతులతో రారు. జానెడైనా సరే కొత్త గుడ్డ తెచ్చి పోయినవాళ్ళ మీద కప్పుతారు. బతికినన్నాళ్ళూ ఒక్క లుంగీతో గడిపినవాడు కూడా పోయేటప్పుడు గుట్టెడు గుడ్డల కింద పోతాడు. ఆ తర్వాత ఆడవాళ్ళు తల దగ్గర కూర్చుంటారు. ఒకామె శోకం పెడుతుంది. ఉత్త ఏడుపు కాదు, పోయినవాళ్ళతో మాట్లాడటం అది. నువ్వు ఇట్లా నడిచేవాడివి, ఇది తినేవాడివి, నన్ను ఇట్లా తిట్టావు, ఇప్పుడు ఎటు పోయావు అని రాగం తీసి అడగటం. ఆమెకు ఊపిరి అయిపోగానే పక్కనున్నామె అందుకుంటుంది. అందుకునేవాళ్ళు లేకుండా ఎవరూ శోకం పెట్టరు. ఒక్కతే కూర్చుని పెడితే ఇంకో చావును ఇంటికి పిలిచినట్టేనని మావాళ్ళ భయం. దినాలు అయిపోయాక అసలే పెట్టకూడదు.

ఆ రోజు మా అమ్మ వాకిట్లోని ముసలివాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. ఇద్దరు మగవాళ్ళు. ఒకామెకు చెవుడు. ఇంకొకామెకు ఆయాసం, మాటే రాదు. ముందర అన్న శవమూ లేదు, పక్కన అందుకునేవాళ్ళూ లేరు. మా అమ్మ నోరు తెరవలేదు. ఊరు తిరిగి వచ్చేదాకా దినాలు ఆపుదామని పెద్దమనిషిని అడిగింది. "ఆగొద్దు వదినా, పొరుగూర్ల పోయినోడు, తొందరగ చెయ్యాలె" అన్నాడాయన. చేసేశాం.

ఎండలు ముదిరాక మిరప ఏరబోయినవాళ్ళు తిరిగొచ్చారు. ఒక్కొక్కరే వచ్చి గడపలో కూర్చుని, "ఏం జేస్తం అక్కా" అని లేచిపోయారు. మా అమ్మ అందరికీ నీళ్ళిచ్చింది. కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. "రాయివే నువ్వు! కన్నకొడుకు పోతే ఏడుపన్నా రాదా నీకు?" అని అనేశాను. ఏం చెప్పను, నా నోటికి అడ్డూ అదుపూ లేదు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అమ్మను ఒక్కదాన్నీ అక్కడ ఉంచలేక సుక్మాకు తెచ్చుకున్నాను. మిషన్ పక్కన కూర్చుని గుండీలు తీసిచ్చేది, దారం ఎక్కించలేక విసుక్కునేది. ఏడాది దాటింది.

అప్పుడు ఒక పెద్ద సినిమా నటుడు పోయాడు. నాకు సినిమాల పిచ్చి లేదు, మా అమ్మకు అసలు ఆయన ముఖమే తెలియదు. కానీ సుక్మాలో తెలుగు డ్రైవర్లు, దుకాణాలవాళ్ళు ఉన్నారు, హిందీవాళ్ళకు కూడా ఆయన సినిమాలు టీవీలో తెలుసు. ఆటోకు మైకు కట్టి రెండు భాషల్లో చాటింపు వేశారు: సాయంత్రం నాలుగింటికి చౌక్‌లో శ్రద్ధాంజలి, అందరూ రావాలి.

"ఎవరు పోయిండ్రే?" అంది అమ్మ.

"ఒక సినిమా ఆయన."

"మస్తు మంది వొస్తరా?"

"ఊరంతా వస్తుంది. పనీపాటా లేనివాళ్ళకేం తక్కువ?" అన్నాను మిషన్ ఆపకుండా. టీవీలో గుండెలు బాదుకునే జనాన్ని చూస్తే నాకు అప్పట్లో ఒళ్ళు మండేది. వాడెవడో, వీళ్ళెవరో. ఆయన వీళ్ళకు ఏమైనా చుట్టమా, పక్కమా అనుకునేదాన్ని.

నాలుగింటికి చూస్తే అమ్మ లేదు. గౌన్ల లోపలికి లైనింగ్ వేయడానికి తెచ్చిన తెల్లగుడ్డ తాను కూడా సగం లేదు! కత్తెర వంకరగా నడిచింది, ఎవరు కోశారో తెలిసిపోతూనే ఉంది. తిట్టుకుంటూ చౌక్‌కి పరుగెత్తాను.

నిజంగానే ఊరంతా ఉంది. కొవ్వొత్తులు, దండలు, పాటలు. మధ్యలో మనిషికంటే పెద్ద ఫ్లెక్సీలో ఆ నటుడు నవ్వుతున్నాడు. ఆ ఫ్లెక్సీ కింద మా అమ్మా, సంతకు వచ్చిన ఇద్దరు ముసలామెలూ కూర్చుని ఉన్నారు. చాటింపు విని, శవం తెస్తారనే అనుకుని వచ్చారు ముగ్గురూ. ఎవరి గుడ్డ వాళ్ళు తెచ్చుకున్నారు. కప్పడానికి శవం లేదు కాబట్టి ఆ గుడ్డల్ని ఫ్లెక్సీ మీదికి విసిరి కప్పారు. ఒకటి హీరోగారి ముఖానికి అడ్డంగా పడింది, ఒకటి మెడ దగ్గర వేలాడుతోంది. అభిమాన సంఘం మనిషొకడు, మొబైల్ షాపాయన, "అరే అమ్మా, ఫోటో కనబడాలె" అంటూ తీసేస్తున్నాడు. వీళ్ళు మళ్ళీ కప్పుతున్నారు. చుట్టూ జనం ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు, కిసుక్కున నవ్వుతున్నారు.

సరిగ్గా అప్పుడే మా అమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి రాగం ఎత్తింది. "ఓ నా కొడకా... పొద్దుగాల్నే లేచి సంచి సర్దుకుంటివి కొడకా..."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ గుంపులో నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు ఉన్నారు, టీచరమ్మ ఉంది, ఆఫీసులవాళ్ళ భార్యలున్నారు. నేను వెళ్ళి ఆమె జబ్బ పట్టుకుని లేపాను. "లే! ఏందమ్మా ఇది? అక్కడెవరూ లేరు, అది ఫోటో!" అని ఈడ్చుకొచ్చాను. గది దాకా నేను ఆపకుండా తిట్టాను.

గదికి వచ్చాక మంచం మీద కూర్చుని, నా వైపు చూడకుండా అంది. "ఫోటో అని నాకు తెల్వదానే? నువ్వు రాయి అంటివి. రాయిని గాదు బిడ్డా. వాడు పోయిన్నాడు మన వాకిట్ల నలుగురు లేరు. ఈడ ఇంతమంది ఉండ్రి. ఇంతమందిల నేనొక్కదాన్ని నా కొడుకుని ఏడుస్తే ఎవరికి తప్పు? ఎవరన్న అందుకుంటరనుకున్న."

నేను ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ చౌక్‌కి తీసుకెళ్ళాను. ఫ్లెక్సీ మడిచేస్తున్నారు. సంతకు వచ్చిన ముసలామెలు బస్సెక్కి వెళ్ళిపోయారు. చౌక్‌లో కరిగిన కొవ్వొత్తులు, ఆవులు తింటున్న బంతిపూలు తప్ప ఏమీ మిగల్లేదు.

"పోనీ తియ్యి" అంది అమ్మ. "ఇంకెవరన్న పెద్దోళ్ళు పోకుంట ఉంటరా?"

పొద్దుటి టీ దగ్గరి ప్రశ్న అలా మొదలైంది. ఆమె అడిగినప్పుడల్లా నేను కసిరేదాన్ని, కానీ ఆమె చూడనప్పుడు నేనే ఫోన్ తీసి వార్తలు వెతికేదాన్ని. సిగ్గు విడిచి చెప్తున్నా, ఫలానా ఆయన ఆసుపత్రిలో ఉన్నాడని చదివితే నా గుండె ఝల్లుమనేది, అది జాలితో కాదు. ఒకసారి నేనే అన్నాను, "నాలుగిళ్ళ ఆడవాళ్ళను పిలుస్తానమ్మా, భోజనం పెడదాం, ఇక్కడే కూర్చుని పెట్టుకో శోకం." ఆమె తల అడ్డంగా ఊపింది. "చావు లేనింట్ల శోకం ఏందే? ఆళ్ళు నా మొఖం జూసి ఏడుస్తరు. వాణ్ణి జూసి ఎవరేడుస్తరు?"

అన్న మీద బెంగ నాకు ఆ నెలల్లోనే ఎక్కువైంది. అంతకు ముందు కోపం ఉండేది, లారీవాళ్ళ మీద, టవర్ మీద, మిరప చేల మీద, అమ్మ మీద. కోపం తగ్గేసరికి కింద వాడే మిగిలాడు. నన్ను "ఓ దర్జీ" అని పిలిచేవాడు, ఆ పిలుపు కోసం చెవి కోసుకునేదాన్ని. బస్టాండులో వాడి ఎత్తు మనిషి ఎవరైనా బస్సు దిగితే మిషన్ మీద నా కాలు ఆగిపోయేది. టీవీలో ఏడ్చే జనాన్ని చూసి వెక్కిరించడం మానేశాను. అందులో ఎందరు ఎవరెవరి కోసం వచ్చారో నాకేం తెలుసు?

ఆ తర్వాతి చలికాలంలో ఒక పెద్ద నాయకుడు పోయాడు. అడవి పల్లెల దాకా తిరిగిన మనిషి. ప్రజలు ఆఖరి చూపు చూసుకోవడానికి శరీరాన్ని సుక్మా మైదానానికి తెస్తున్నారని పొద్దున్నే తెలిసింది. టీ గ్లాసు ఇస్తూ, అమ్మ అడగకముందే నేనే చెప్పాను. "అమ్మా, ఒకాయన పోయిండు." ఆమె టీ తాగలేదు. నేను తాను తీసి తెల్లగుడ్డ రెండు గజాలు తిన్నగా కత్తిరించి ఇచ్చాను.

చింతలనార్ వైపు నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు జనం. కొంటా బస్సులు నిండిపోయాయి. గోండీ, దోర్లీ, హల్బీ, హిందీ, తెలుగు, అన్నీ ఒకేచోట వినిపిస్తున్నాయి. బారికేడ్ల మధ్య వరస. జవాన్లు "ఆగే బఢో, ఆగే బఢో" అని ముందుకు తోస్తున్నారు. అద్దాల పెట్టె దగ్గర అమ్మ గుడ్డ కప్పింది, చేతులు జోడించింది, అంతే, అవతలికి నెట్టేశారు. కూర్చోవడానికి లేదు, నిలబడటానికే లేదు. ఇంత ఎదురుచూసి ఇదీ పోయినట్టేనా?

అమ్మ అటూ ఇటూ చూసింది. మైదానం పక్కన షామియానా కింద పల్లెల ఆడవాళ్ళు నేల మీద కూర్చుని ఉన్నారు. వెళ్ళి వాళ్ళ మధ్య కూలబడింది. నేను పక్కన కూర్చున్నాను. గొంతు సవరించుకుంది. మొదటిసారి రాలేదు. రెండోసారి వచ్చింది.

"ఓ నా కొడకా... గడప మీద కూసోని తింటివి గద కొడకా... దారిన పోయేటోళ్ళందర్ని పిలిస్తివి గద... నిన్ను మోసేతందుకు నలుగురు లేకపాయిరి కొడకా... ఏ ఊరి నీళ్ళల్ల కలిపిండ్రో నిన్ను..."

ఊపిరి అయిపోయింది. ఆగింది. ఇప్పుడు ఎవరో ఒకరు అందుకోవాలి. అందుకోవలసింది నేనే. ఎప్పుడూ ఎదుటివాళ్ళ నోరు మూయించే నాకు ఆ క్షణాన ఒక్క ముక్క రాలేదు. అమ్మ నా వైపు చూస్తోంది.

వెనక నుంచి ఒకామె అందుకుంది. దోర్లా ఆమె, నాకు ముక్కూ మొహం తెలియదు. ఆమె దోర్లీలో తమ్ముణ్ణి పిలిచింది. ఎద్దుల్ని వెతకడానికి పోయావు, ఎద్దులు ఇంటికొచ్చాయి, నువ్వు రాలేదు అని. ఆమె ఆగగానే ఇంకొకామె గోండీలో ఎవరో బిడ్డను పిలిచింది. రాగం మా పల్లెదే. ఒకరి నుంచి ఒకరికి పోయి, తిరిగి అమ్మ దగ్గరికి వచ్చింది. అమ్మ రెండోసారి పెట్టి ఆగినప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"అన్నా... ఆ ఆదివారం నీ ఫోను ఎత్తలేదు అన్నా... పెళ్ళి బ్లౌజులున్నయని ఎత్తలేదు... మళ్ళ చేస్తవులే అనుకున్న అన్నా..."

ఈ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా. ఆమె నా తల మీద చెయ్యి వేసి అందుకుంది. ఎంతసేపు ఏడ్చామో తెలియదు. లేచేసరికి నా మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. అమ్మ ముఖం ఉబ్బిపోయి, ఎర్రబడి, ఎన్నాళ్ళకో మా పల్లెలోని అమ్మలా ఉంది.

చావు దగ్గర నుంచి స్నానం చేయకుండా ఇంటికి పోకూడదు. బస్టాండు చేతిపంపు దగ్గర ఆగాం. నేను పంపు కొడుతున్నాను, అమ్మ కొంగు నడుముకు చుట్టి దోసిలి పట్టింది.

"ఆకలైతుందే" అంది. నేను నవ్వాను. ఆమె నోటి వెంట ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. తర్వాత అడిగింది, "ఇంతకు ఆయన ఎవరే?"

చెప్పాను. ఏ పార్టీయో, ఏమేం చేశాడో నాకు తెలిసినంత చెప్పాను. ఆమె వినలేదనుకుంటా.

"తల్లి ఉందానే ఆయనకు?"

"ఉంది. పెట్టె పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు, చూడలేదా? బాగా ముసలామె. చుట్టూ ఆఫీసర్లు."

"ఏడ్చిందా?"

గుర్తు చేసుకున్నాను. ఆవిడ నిటారుగా కూర్చుని ఉంది. ఎవరో నీళ్ళ సీసా ఇస్తే మూత తీయకుండా రెండు చేతులతో పట్టుకుంది. ఎదురుగా వేలమంది వస్తున్నారు, పోతున్నారు. కెమెరాలున్నాయి. పక్కన ఆడమనిషి ఒక్కరూ లేరు.

"లేదు" అన్నాను.

అమ్మ దోసిట్లో నీళ్ళు వదిలేసింది. "పంపు కొట్టకు, ఆగు" అంది. నడుముకు చుట్టిన కొంగు విప్పి భుజాన వేసుకుంది.

"అందరం వొచ్చి ఎవరోళ్ళని ఆళ్ళు ఏడ్చుకొని పోవట్టిరి. ఆమె కొడుకుని ఎవరేడ్చిండ్రే? పద."

అని మైదానం వైపు నడిచింది. జవాన్లు మమ్మల్ని పెట్టె దగ్గరికి రానివ్వరని నాకు తెలుసు. ఆ మాట ఆమెతో అనలేదు.